వీసా రాకపోవడం సిగ్గు కాదు, దొంగ కాగితం పెట్టడం సిగ్గు



వచ్చే నెల విరుదునగర్‌లో జరిగే మహాసభకు అజెండా వాట్సాప్‌లో వచ్చింది. అందరూ చూసే ఉంటారు. ఏడో అంశం చదివినారా? సభ్యులకు విదేశీ వీసాలు ఇప్పించే ఒక ఏజెన్సీతో సంఘం ఒప్పందం చేసుకుంటుందట. మనం పంపే ఒక్కో దరఖాస్తుకు సంఘం నిధికి ఇంత అని కమీషన్ వస్తుందట. కల్యాణ మండపం పై అంతస్తుకు డబ్బు చాలలేదు, ఇది మంచి దారి అని కమిటీ అనుకుంటా ఉంది.

మేము ఆ అంశానికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తబోతున్నాం. ఎందుకో సభలో చెప్పాలంటే మూడు నిమిషాలు ఇస్తారు, రెండో నిమిషంలో మైకు లాక్కుంటారు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది. కాఫీ పెట్టుకుని చదవండి.

ముందే ఒక మనవి. మేము కోవిల్‌పట్టిలో తమిళ మీడియంలో చదివినవాళ్లం. ఇంట్లో తెలుగు మాట, బడిలో తమిళ అక్షరం. తెలుగు అక్షరాలు రిటైర్ అయినాక మన ఆదివారం క్లాసులో చిన్నపిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నాం. ఒత్తు తప్పితే దిద్దండి. విషయం తప్పితే నిలదీయండి.

మా సంగతి

మా పెద్దమ్మాయి, అల్లుడు దక్షిణ అమెరికాలో ఒక దేశంలో ఉన్నారు. ఆ దేశం పేరు ఇక్కడ రాయం. మా గొడవ ఆ దేశంతో కాదు. "అంత దూరం ఏం పని?" అని అడిగేవాళ్లకు ఒక మాట. మన దేశపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు అక్కడికి పోయి ఇరవై ఏళ్లు దాటింది. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో ఆఫీసు పెట్టింది. మన మోటారు బైకులు కొలంబియా రోడ్ల మీద తిరుగుతున్నాయి. పిల్లలు పని ఉన్నచోటికి పోతారు. మన పెద్దలు తుంగభద్ర దాటి, కృష్ణ దాటి ఈ నల్లనేలకు వచ్చినట్టే.

అమ్మాయికి తలకాన్పు. తలకాన్పు పుట్టింట్లో చేయడం మన మర్యాద. విమానం ఎక్కి రాలేని స్థితి అని డాక్టర్ చెప్పినాడు. "ఆమె రాలేకపోతే మనమే పోదాం" అని మా ఇంటామె అన్నది. కాన్పుకు ఇంకా అయిదు నెలలు ఉంది. విజిటర్ వీసా చాలు. మూడు నెలలు ఉండి, పచ్చిబాలింతకు పత్యం వండిపెట్టి, బిడ్డకు నీళ్లు పోసి తిరిగి రావాలి. అంతే కోరిక.

మన సంఘం మనిషే ఒకాయన, మంచి మనసుతోనే, ఒక ఏజెంటు దగ్గరికి తీసుకుపోయినాడు. ఊరు చెప్పం, పేరు చెప్పం. ఏసీ రూము, గోడ మీద దేశదేశాల జెండాలు. ఇద్దరికీ కలిపి లక్షా నలభై వేలు అడిగినాడు. అందులో వీసా ఫీజు ఎంత, వాళ్ల కూలి ఎంత అని అడిగితే "అయ్యా, ఇది ప్యాకేజీ" అన్నాడు. ముప్పై ఆరేళ్లు రైల్వే కౌంటర్‌లో చిల్లర లెక్క చూసిన చేతికి ఆ మాట మింగుడు పడలేదు.

తరువాత ఆయన చెప్పిన పద్ధతి వినండి. మా పెన్షన్ ఖాతాలో డబ్బు తక్కువగా కనిపిస్తుంది కాబట్టి వాళ్లే ఒక వారం అయిదు లక్షలు వేస్తారు. స్టేట్‌మెంట్ తీసినాక వెనక్కి తీసుకుంటారు. దానికి వడ్డీ వేరే. మాకు లేని ఒక భూమికి విలువ పత్రం "తయారు చేస్తారు". హోటల్ బుకింగ్ ఒకటి పెడతారు, వీసా వచ్చినాక రద్దు చేస్తారు. మేము హోటల్‌లో ఉండబోవడం లేదు, కూతురి ఇంట్లో ఉంటాం అంటే "కూతురు అని రాస్తే సందేహపడతారు, టూరిస్ట్ అని రాద్దాం" అన్నాడు.

మా ఇంటామె లేచి నిలబడి అడిగిన మాట ఇది: "కన్నకూతురిని కూతురు అని చెప్పుకోకుండా పోవాలా నాయనా?" 

మేము బయటికి వచ్చేసినాం. సొంతంగా దరఖాస్తు పెట్టినాం. మొదటి తూరి తిరస్కరించినారు. రెండో తూరి ఇచ్చినారు. ఈ రెండింటి నడుమ మనవరాలు పుట్టింది. తలకాన్పుకు తల్లి దగ్గర లేదు. పురిటి బిడ్డను ఫోన్ తెరలో చూసి మా ఇంటామె చీర కొంగు నోట్లో కుక్కుకున్నది. మేము పోయేసరికి బిడ్డ బోర్లా పడుతున్నది.

ఇది విని మీలో కొందరు అంటారు: "చూసినారా, ఏజెంటుకు ఇచ్చి ఉంటే మొదటి తూరే వచ్చేది." ఆ మాటకే మా జవాబు ఇది. 

ఎందుకు తిరస్కరించినారు?

డబ్బు తక్కువ అని కాదు. పెన్షన్ ఆర్డర్, ఆరు నెలల పాసుబుక్కు, అల్లుడి జీతం పత్రం, అక్కడి నివాసం కార్డు కాపీ, ఆహ్వానం ఉత్తరం అన్నీ చూసినారు. వాళ్లు రాసిన కారణం ఒకటే. దరఖాస్తుదారులకూ ఆహ్వానించిన మనిషికీ ఉన్న సంబంధం రుజువు కాలేదు.

అంటే మా కూతురు మా కూతురే అని కాగితం చెప్పలేదు.

తప్పు ఎవరిది? కాగితాలన్నీ మంచం మీద పరిచి చూసుకున్నాం. మా పాస్‌పోర్టులో ఇంటిపేరు అనే గడి ఖాళీ. నాయన పేరు, మా పేరు కలిపి ఒకే గడిలో ఉంది. మా ఇంటామె పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో మా పేరు ఉంది. అమ్మాయి పెండ్లికి ముందు అదే గడిలో మా పేరు, పెండ్లి అయినాక తీసిన పాస్‌పోర్టులో అల్లుడి పేరు. ఒకే ఇంట్లో ముగ్గురు, ముగ్గురికీ మూడు రకాలు. ఇక అమ్మాయి జనన పత్రం. అందులో బిడ్డ పేరే లేదు. ఆడశిశువు అని మాత్రం ఉంది. పేరు తరువాత చేర్పించాలి, దానికి పదిహేనేళ్ల గడువు ఉంటుంది అని మాకు తెలుసు. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని మేమే వదిలేసినాం. ఆ తప్పు మునిసిపాలిటీది కాదు, మాది.

ఆ కుర్చీలో కూర్చున్న అధికారి వైపు నుంచి చూడండి. స్పానిష్ మాట్లాడే చాలా దేశాల్లో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ముందు తండ్రిది, తరువాత తల్లిది. బ్రెజిల్‌లో ముందు తల్లిది, తరువాత తండ్రిది. పేరు చూస్తే చాలు, ఎవరి బిడ్డో తెలిసిపోతుంది. అటువంటి మనిషి ముందు ఒక్క ఇంటిపేరూ లేని తండ్రి, తండ్రితో పేరు కలవని కూతురు నిలబడితే ఏమనుకుంటాడు? మేమూ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లమే. పాసులో ఒక పేరు, గుర్తింపు కార్డులో ఒక పేరు ఉంటే మేము టికెట్ ఇచ్చినామా?

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. 2022 నవంబర్‌లో యుఏఈ ఒక నియమం తెచ్చింది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వం అన్నది. అప్పుడు మన తమిళనాడు వాళ్లు ఎంతమంది ఉలిక్కిపడినారో గుర్తు ఉందా?

దీని మీద ఇంకొక పొర ఉంది, అది మన తెలుగువాళ్లకు ఉన్న పొర. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ప, బ రెండింటికీ ఒకే అక్షరం. గోపాలు అని పెట్టిన పేరు బడి రిజిస్టర్‌లో చదివితే కోపాలు కూడా అవుతుంది. బాలమ్మ పాలమ్మ అవుతుంది. ఆ తమిళ అక్షరాన్ని ఒక గుమాస్తా ఒక రకంగా, ఇంకొక గుమాస్తా ఇంకొక రకంగా ఇంగ్లీషులోకి ఎక్కిస్తాడు. రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఒకటి. ఇంట్లో పిలిచేటప్పుడు ఏ గొడవా లేదు. ఇంటి గడప దాటినాకే గొడవ.

ఏజెంటు దీన్ని బాగు చేసి ఉండేవాడా? చేయడు. కూతురు అన్న మాటనే కొట్టేసి టూరిస్ట్ అని రాసేవాడు. రోగం దాచిపెట్టి రంగు పూసేవాడు. ఆ అబద్ధం విమానాశ్రయంలో బయటపడి ఉంటే, అక్కడ ఇమిగ్రేషన్ గదిలో ఆరు పదులు దాటిన మనిషి, భాష రాని మనిషి, "హోటల్ ఎక్కడ?" అని అడిగితే ఏమి చెప్పాలి?

ఒకడి దొంగ కాగితం, పదిమందికి మూసిన తలుపు

"అందరూ చేసేదే కద" అంటారు. అందరూ చేస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం.

ఈక్వడార్‌కు ఒకప్పుడు మనవాళ్లు వీసా లేకుండా పోగలిగేవాళ్లు. 2019 ఆగస్టులో ఆ దేశం భారతదేశంతో సహా కొన్ని దేశాలవాళ్లకు వీసా తప్పనిసరి చేసింది. అక్కడ దిగి, కొలంబియా దాటి, పనామా అడవుల గుండా నడిచి అమెరికా సరిహద్దుకు పోయే దారి అప్పటికే తయారై ఉంది. 2024 ఆగస్టులో బ్రెజిల్ సావో పావ్లో విమానాశ్రయంలో నియమాలు బిగించింది. విమానం మారే నెపంతో దిగి ఆశ్రయం అడిగేవాళ్లు ఎక్కువైనారని కారణం చెప్పింది. ఆ లెక్కలో మన దేశంవాళ్లు ముందు వరుసలో ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించింది. చేతులకు సంకెళ్లతో వచ్చినవాళ్లను టీవీలో చూసినాం. భూములు అమ్మి లక్షలు లక్షలు ఏజెంట్ల చేతిలో పోసిన బిడ్డలు వాళ్లు. ఎక్కువమంది పంజాబ్, హర్యానా, గుజరాత్ వాళ్లు. మనవాళ్లు కాదులే అని ఊపిరి పీల్చుకున్నామా? అధికారికి పంజాబ్ ఏది, కోవిల్‌పట్టి ఏది? అట్ట మీద ఉన్న సింహాలు ఒకటే.

ఒక్కొక్క దొంగ స్టేట్‌మెంట్ పట్టుబడినప్పుడల్లా తరువాత వచ్చే నిజమైన స్టేట్‌మెంట్‌ను ఇంకొక భూతద్దంతో చూస్తారు. మా ఇంటామె కాన్పుకు పోలేకపోవడంలో, మా బద్ధకం సగం, ముందు పోయినవాళ్ల అబద్ధాలు సగం.

రైల్వేలో టికెట్లు బ్లాకులో అమ్మేవాడిని సెక్షన్ 143 కింద పట్టుకునేవాళ్లు. మూడేళ్ల జైలు వరకూ ఉంది. ఉద్యోగానికి మనుషులను బయటి దేశాలకు పంపే ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. పంజాబ్‌లో ట్రావెల్ ఏజెంట్ల మీద 2012లో ప్రత్యేక చట్టం తెచ్చినారు. మన ఊళ్లో విజిటర్ వీసా అని బోర్డు పెట్టుకున్న మనిషిని ఎవరు తనిఖీ చేస్తున్నారు? ఆ మనిషి పక్కన మన సంఘం ముద్ర వేస్తే, జనం నమ్మేది ఆయనను కాదు, మనను. రేపు దొంగ పత్రం పట్టుబడితే పాస్‌పోర్టు మీద మచ్చ పడేది మన సభ్యుడికి, కమీషన్ రసీదు ఉండేది మన సంఘం ఫైల్‌లో. ఆ డబ్బుతో కట్టిన పై అంతస్తులో మనం పెండ్లిళ్లు చేసుకోవాలా?

వాళ్ల అన్యాయం కూడా చెప్పాలి

మేము బయటి దేశాలను వెనకేసుకు రావడం లేదు. వాళ్ల పద్ధతిలో అవమానం ఉంది, అది గట్టిగానే చెప్పాలి.

పెరూ 2017 నుంచి ఒక సౌకర్యం ఇచ్చింది. పాస్‌పోర్టులో అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా షెంజెన్ వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉంటే భారతీయుడు వేరే వీసా లేకుండా రావచ్చు. అర్జెంటీనా కూడా 2025 ఆగస్టులో అమెరికా వీసా ఉన్న భారతీయులకు తలుపు తీసింది. మంచిదే. కానీ దాని అర్థం ఏమిటి? ముప్పై ఆరేళ్ల సర్వీసు, కేంద్ర ప్రభుత్వ పెన్షన్, సొంత ఇల్లు, పోలీసు కేసు లేని జీవితం ఇవన్నీ తూకంలో ఒక పక్క పెడితే, ఇంకొక దేశం అంటించిన ఒక స్టిక్కర్ ఎక్కువ బరువు తూగుతున్నది. అమెరికాకు పోగలిగినవాడు నమ్మదగినవాడు, పోలేనివాడు అనుమానించదగినవాడు. ఇది మనిషి విలువ కాదు, డబ్బు విలువ.

మన దేశం 2014 నవంబర్‌లో ఈ-వీసా మొదలుపెట్టింది. బ్రెజిల్‌వాడు, చిలీవాడు, అర్జెంటీనావాడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఫారం నింపి మీనాక్షి గుడి చూడ్డానికి వస్తాడు. రానీ, మనకు సంతోషమే. అదే మర్యాద మన ముసలి తల్లిదండ్రులకు ఎందుకు లేదు?

సరుకుకు లేని అడ్డు మనిషికి ఉంది. విరుదునగర్ మార్కెట్ ధరల పట్టీ చూసేవాళ్లకు తెలుసు. మన దేశంలో వేయించే సోయా నూనెలో ఎక్కువ భాగం అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి ఓడల్లో వస్తుంది. ఈ మధ్య బ్రెజిల్ మినుములు కూడా వస్తున్నాయి. అంతెందుకు, మన కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వపడుతున్నామే, ఆ వేరుశెనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఎన్నో తరాల కిందట సముద్రం దాటి వచ్చి మన నల్లనేలలో మన బిడ్డ అయిపోయింది. మేము ఆ మిఠాయి రెండు కిలోలు కట్టుకుని దాని పుట్టింటికి పోవాలనుకుంటే మాకు సంబంధం రుజువు కాలేదట.

ఈ అన్యాయం మీద సంఘం తరఫున ఎంపీకి రాయాలి, విదేశాంగ శాఖకు రాయాలి. పెన్షనర్లకు, కాన్పుకు పోయే తల్లులకు సులువైన వీసా కోసం ఆ దేశాలతో మాట్లాడమని అడగాలి. కానీ వాడు అన్యాయం చేసినాడు కాబట్టి మనం అబద్ధం ఆడవచ్చు అనే వాదం మాత్రం ఒప్పుకోం.

గుమాస్తా కలం గురించి

దక్షిణ అమెరికాకు మన మద్రాసు రాజధాని మనుషులు పోవడం కొత్త కాదు. బ్రిటిష్ గయానాకు మొదటి కూలీ ఓడలు కలకత్తా నుంచి 1838 మే 5న చేరినాయి. అటు తరువాత మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు పోయినాయి. తమిళులూ తెలుగువాళ్లూ చెరకు తోటల్లో కూలికి పోయినారు. అక్కడ అందరికీ ఒకటే పేరు, మద్రాసీలు. ఆ కూలి ఒప్పందాలకు మనుషులను ఎత్తడం 1917లో ఆగింది.

వాళ్లకు బ్యాంకు స్టేట్‌మెంట్ ఎవరూ అడగలేదు. మనిషి కండబలం కావాలి కాబట్టి ఓడ ఎక్కించినారు. ఒక గుమాస్తా తండ్రి పేరు, కులం, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ రాసుకున్నాడు. చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసినాడు. ఆ రాత ఎన్ని తరాలు నిలిచిందో చూడండి. 2015 నుంచి 2020 వరకు గయానా ప్రధానమంత్రిగా ఉన్నాయన పేరు మోజెస్ వీరసామి నాగమూటూ. మద్రాసీ వంశం. నాగముత్తు అన్నది ఎవరో ఒక ముత్తాత సొంత పేరు అయి ఉంటుంది. గుమాస్తా కలం దాన్ని ఇంటిపేరు చేసింది, ఇంగ్లీషు దాన్ని నాగమూటూ చేసింది. 

మేమూ గుమాస్తాలమే. రిజర్వేషన్ ఫారంలో పేరు పొడుగైతే కంప్యూటర్ పదహారు అక్షరాలే తీసుకుంటుందని ఎన్ని పేర్లు మధ్యలో కోసినామో! ఒక అక్షరమే కద అనుకున్నాం. ఆ అక్షరం ఒక తల్లిని కాన్పు గది నుంచి ఎంత దూరంలో నిలబెడుతుందో మా ఇంటికి వచ్చినాకే తెలిసింది. 

అందుకే కాగితం అంటే చిన్నచూపు వద్దు. కాగితం నిజం చెప్పేలా చూసుకోవడం మన బాధ్యత.

మేము ఏమి అడుగుతున్నాం

వద్దు అని మాత్రమే చెప్పి కూర్చునే అలవాటు మాకు లేదు. ఏడో అంశానికి బదులుగా ఈ తీర్మానం పెట్టండి.

1. కోవిల్‌పట్టిలో ఒక ఆదివారం, విరుదునగర్‌లో ఒక ఆదివారం సంఘం ఆఫీసులో కాగితాల సహాయ బల్ల పెడదాం. రిటైరైన రైల్వే వాళ్లం, పోస్టాఫీసు వాళ్లం, టీచర్లం ఉన్నాం. ఫారం చదివి చెప్పడానికి, స్కాన్ చేయడానికి ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఉన్నారు. టైపు చేసే పిల్లకు న్యాయమైన కూలి ఇద్దాం. కష్టానికి కూలి తప్పు కాదు, అబద్ధానికి ప్యాకేజీ తప్పు.

2. పుట్టిన ప్రతి బిడ్డ జనన పత్రంలో పేరు, ఇంటిపేరు మొదటి నెలలోనే పూర్తిగా రాయిద్దాం. పెండ్లి సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది ఇంటిపేరే కద! ఒకే ఇంటిపేరు అయితే సంబంధమే వద్దంటాం. అంత ముఖ్యమైన దాన్ని కాగితం మీద మాత్రం ఒక్క ఇంగ్లీషు అక్షరంగా కూడా మిగల్చలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త. పేరు వెనక కులం తోక వద్దని 1929లో చెంగల్పట్టు సుయమరియాదై మహానాడు తీర్మానించింది. ఆ మంచి అలవాటును వదలమని మేము అనడం లేదు. ఇంటిపేరు వేరు, కులం తోక వేరు.

3. పెద్దవాళ్లు ఇప్పుడు పేర్లు మార్చుకోవద్దు. ఉన్న పేరు అన్ని కాగితాల్లో ఒకే మాదిరి ఉండేలా సరిచేసుకోండి. తేడా ఉంటే ఇద్దరూ ఒకే మనిషి అని నోటరీ అఫిడవిట్ ముందే పెట్టుకోండి. మేము రెండో తూరి చేసింది అదే. అఫిడవిట్, పెండ్లి పత్రం, అమ్మాయి పాత పాస్‌పోర్టు, బడి సర్టిఫికెట్ అన్నీ వరసగా పెట్టి, ఏ పేరు ఎప్పుడు ఎందుకు మారిందో ఒక పేజీలో రాసి జత చేసినాం. కూతురిని కూతురు అనే రాసినాం. వీసా వచ్చింది.

4. అపోస్టిల్ అనే మాట వింటే భయపడకండి. మన కాగితం నిజమైనదే అని విదేశాంగ శాఖ వేసే ముద్ర అది. మన దేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది. ప్రభుత్వ రుసుము ఒక కాగితానికి యాభై రూపాయలు, తీసుకునే ఏజెన్సీ సేవారుసుము కొంచెం. మమ్మల్ని ఆ ఏసీ రూములో ఒక్క కాగితానికి ఆరు వేలు అడిగినారు.

5. పచ్చజ్వరం టీకా సంగతి ఎవరూ చెప్పరు. బ్రెజిల్, పెరూ, కొలంబియా, అర్జెంటీనా, గయానా మొదలైన దేశాలకు పోయి తిరిగి వచ్చేటప్పుడు ఆ టీకా కార్డు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టగలరు. చిలీ, ఉరుగ్వే ఆ జాబితాలో లేవు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. 2016 నుంచి ఒక్కసారి వేసుకున్న కార్డు జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లకు ఈ టీకాతో ప్రమాదం కొంచెం ఎక్కువ, కాబట్టి ముందు మీ డాక్టర్‌ను అడగండి. మేము పాసు మీద నెల్లై ఎక్స్‌ప్రెస్ ఎక్కి గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి వేయించుకున్నాం. మా ఇంటామె బీపీ కాగితాలు చూసినాకే సూది వేసినారు.

6. నియమాలు తరచు మారుతాయి. ఏ దేశమైనా ఆ దేశపు రాయబార కార్యాలయం సొంత పేజీలోనే చూడాలి. సహాయ బల్ల మొదటి పని అదే కావాలి.

చివరగా

మన దగ్గర ఇంకొక జబ్బు ఉంది. వీసా వస్తే విమానాశ్రయం ఫొటో గ్రూపులో పెడతాం, దండలు వేయించుకుంటాం. తిరస్కరిస్తే దాచిపెడతాం. "ఇంకా పోలేదా?" అని ఎవరైనా అడిగితే "మోకాళ్ల నొప్పి, వాయిదా వేసుకున్నాం" అంటాం. మేమూ నాలుగు నెలలు అదే అబద్ధం చెప్పినాం. అది విన్నవాళ్లలో ఒకరు ఇదే చిక్కులో ఉన్నారట. మేము నోరు తెరిచి ఉంటే వాళ్లకు మూడు నెలలు మిగిలేవి. ఆ మాట తెలిసినాక నిద్ర పట్టలేదు. ఈ రాత రాయడానికి అసలు కారణం అదే.

ఇడైసేవల్‌లో పుట్టిన మన కి.రా. గారు, రాజు భయానికి తెలుగునాడు విడిచి దక్షిణానికి వచ్చిన మన పెద్దల కథను "గోపల్ల గ్రామం"లో తమిళంలో రాసినారు. వాళ్లు చేతిలో ఏ పత్రమూ లేకుండా వచ్చినారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అడవి కొట్టి ఊరు కట్టినారు. ఏ ఏజెంటుకూ కమీషన్ ఇవ్వలేదు. వాళ్ల మనవళ్లం మనం. మన సభ్యుడి కష్టం మీద కమీషన్ తినే సంఘం కావాలా, చెయ్యి పట్టుకుని నడిపించే సంఘం కావాలా అన్నదే ఏడో అంశం.

పై అంతస్తు రెండేళ్లు ఆలస్యం కానివ్వండి. మేము మా వంతు ఒక నెల పెన్షన్ ఇస్తాం, సభలోనే రసీదు రాయించుకుంటాం. సహాయ బల్ల మీద మొదటి ఆదివారం కూర్చోవడానికి కూడా మేము సిద్ధం. మా ఇంటామె ఫ్లాస్కులో కాఫీ పోసి ఇస్తానన్నది.

సభకు తప్పకుండా రండి. విరుదునగర్ దూరం అని ఆగిపోవద్దు, ప్యాసింజర్‌లో కాసేపటి ముచ్చట. మాతో ఏకీభవించకపోయినా రండి, వాదించుకుందాం. ఏడో అంశం వచ్చినప్పుడు మాత్రం మీ ఇంట్లో కాన్పుకు దగ్గరపడిన బిడ్డ ఎవరైనా ఉందేమో ఒక్కసారి గుర్తు చేసుకుని చెయ్యి ఎత్తండి.

ఇట్లు,
మీ సంఘం సభ్యులం, రిటైర్డ్ రైల్వే గుమాస్తా, కోవిల్‌పట్టి